రాగి–బంగారం మిశ్రమలోహంలో పరమాణు క్రమతను తేవడం, కొలవడం: దశలవారీ మార్గదర్శి

మిశ్రమలోహాన్ని పది రోజులు ఫర్నేస్‌లో ఉంచినా ఎక్స్‌ఆర్‌డిలో (ఎక్స్-కిరణ వివర్తన కొలతలో) క్రమతను చూపే అదనపు పీకులు (గ్రాఫులో శిఖరాలు) ఎందుకు రావడం లేదని, వచ్చినా వాటి ఎత్తు ఒక్కో నమూనాకు ఒక్కో రకంగా ఎందుకు ఉంటోందని విద్యార్థులు తరచుగా అడుగుతుంటారు. ఈ సమస్యకు కారణం సాధారణంగా ఎక్స్‌ఆర్‌డి యంత్రంలో ఉండదు. నమూనా ఏ ఉష్ణోగ్రతలో ఎంతసేపు ఉంది, ఎలా చల్లారింది, ఆ తర్వాత దానిని ఎవరు ఏం చేశారు అన్న చరిత్రలో ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో కొలతకన్నా తయారీకి ఎక్కువ చోటు ఇచ్చాను.

ఉదాహరణగా రాగి–బంగారం జంటను, అందులోనూ మూడు రాగి పరమాణువులకు ఒక బంగారు పరమాణువు ఉండే 3:1 మిశ్రమాన్ని తీసుకుంటున్నాను.

## 1. ఈ మిశ్రమాన్నే ఎందుకు ఎంచుకోవాలి

3:1 మిశ్రమం సుమారు 390 °సె. పైన అక్రమ ఘనద్రావణంగా ఉంటుంది. అంటే ముఖకేంద్రిత ఘన జాలకంలో ఏ స్థానంలోనైనా రాగి గానీ బంగారం గానీ ఉండవచ్చు. ఆ ఉష్ణోగ్రతకు దిగువన బంగారం ఘనపు మూలలకు, రాగి ముఖకేంద్రాలకు చేరుతాయి. జాలకం ఆకారం మారదు, ఎవరి స్థానం ఎవరిదన్నది మాత్రమే తేలుతుంది. క్రమత అంటే ఇదే.

కొత్తగా నేర్చుకునేవారికి ఇందులో రెండు సౌకర్యాలున్నాయి. అధిక ఉష్ణోగ్రత నుంచి నీటిలో ముంచి చల్లారిస్తే అక్రమ స్థితి గది ఉష్ణోగ్రత దగ్గర కూడా నిలిచిపోతుంది. పైగా బంగారం పరమాణు సంఖ్య 79, రాగిది 29 కాబట్టి ఎక్స్-కిరణాలకు ఆ రెండింటి తేడా స్పష్టంగా తెలుస్తుంది.

బీటా ఇత్తడిలో ఈ రెండు సౌకర్యాలూ లేవు. రాగి 29, జింక్ 30 కావడం వల్ల మామూలు ఎక్స్‌ఆర్‌డిలో క్రమత దాదాపు కనిపించదు, న్యూట్రాన్ వివర్తనం కావాలి. నీటిలో ముంచినా క్రమత ఏర్పడకుండా ఆపలేము. ఆ మిశ్రమంతో మొదలుపెట్టి నెలలు పోగొట్టుకోవద్దు.

## 2. ముందు థర్మోకపుల్‌ను సరిచూడండి

మార్పు 390 °సె. దగ్గర జరుగుతుంది, క్రమత తెచ్చే మన ఆనీలింగ్ (నిర్ణీత ఉష్ణోగ్రతలో ఎక్కువసేపు ఉంచడం) 380 దగ్గర మొదలవుతుంది. ఫర్నేస్ సూచిక పది డిగ్రీలు తక్కువ చూపుతుంటే, మీరు 380 అనుకుని వారం రోజులు ఉంచిన నమూనా నిజానికి మార్పు అంచున కూర్చుని ఉంటుంది, క్రమత ఏమాత్రం రాదు.

శుద్ధమైన జింక్ 419.5 °సె. వద్ద, సీసం 327.5 °సె. వద్ద కరుగుతాయి. మనకు కావలసిన ఉష్ణోగ్రత ఈ రెండింటి మధ్య ఉంది. చిన్న మూసలో కొద్దిగా లోహం వేసి, థర్మోకపుల్ (రెండు లోహపు తీగలతో ఉష్ణోగ్రత కొలిచే సాధనం) మొనను తగిన తొడుగుతో అందులో ఉంచి, చల్లారేటప్పుడు ఉష్ణోగ్రత కదలకుండా నిలిచిన చోటును నమోదు చేయండి. రెండు లోహాలకూ వచ్చిన తేడాలను బట్టి మధ్య ఉష్ణోగ్రతలకు సవరణ వేసుకోండి. జింక్ ఆవిరి మంచిది కాదు కాబట్టి ఈ పని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి.

ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే కె-రకం థర్మోకపుల్‌లో ఒక తీగ నికెల్–క్రోమియం మిశ్రమం. సుమారు 250 నుంచి 550 °సె. మధ్య ఎక్కువసేపు ఉంచితే ఆ తీగలోనే పరమాణువుల స్థానిక క్రమత (పక్కపక్క పరమాణువుల అమరిక) మారి, చూపే విలువ కొన్ని డిగ్రీలు జరుగుతుంది. మనం కొలవబోయే దృగ్విషయమే కొలిచే పరికరాన్ని మారుస్తుందన్నమాట. రోజుల తరబడి సాగే ఆనీలింగ్‌కు ఎన్-రకం గానీ ప్లాటినం ఆధారిత ఎస్-రకం గానీ వాడండి.

ఫర్నేస్ గొట్టం పొడవునా ఉష్ణోగ్రత ఒకేలా ఉండదు. థర్మోకపుల్‌ను రెండేసి సెంటీమీటర్లు జరుపుతూ కొలిచి, ఒక్క డిగ్రీ తేడాలోపు ఉండే భాగాన్ని గుర్తు పెట్టుకుని నమూనాను అక్కడే ఉంచండి.

## 3. తూకం: భార శాతం వేరు, పరమాణు శాతం వేరు

3:1 అన్నది పరమాణువుల నిష్పత్తి. పరమాణు భారాలు రాగికి 63.546, బంగారానికి 196.967. మూడు రాగి, ఒక బంగారం కలిపితే 387.605 అవుతుంది. అందులో బంగారం వాటా 50.82 శాతం, రాగిది 49.18 శాతం.

అంటే 4 గ్రాముల ముద్దకు 2.033 గ్రా. బంగారం, 1.967 గ్రా. రాగి కావాలి. ఎవరైనా పొరపాటున భారం లెక్కన మూడు వంతుల రాగికి ఒక వంతు బంగారం తూస్తే పరమాణువుల లెక్కలో బంగారం 9.7 శాతమే అవుతుంది. ఆ మిశ్రమంలో మీరు వెతుకుతున్న క్రమత రాదు.

ఇదే లెక్క బంగారం పని చేసేవారికీ వర్తిస్తుంది. రాగి మాత్రమే కలిపిన 18 క్యారెట్ల ఎర్ర బంగారంలో పరమాణువుల లెక్కన బంగారం 49.2 శాతం, అంటే ఇంచుమించు 1:1. దానిని మెల్లగా చల్లారనిస్తే క్రమత ఏర్పడి గట్టిపడుతుంది, పెళుసవుతుంది. కాల్చిన వెంటనే నీటిలో ముంచడం వెనుక ఉన్న కారణం ఇదే.

తూచే ముందు చూసుకోవలసినవి:

- రెండు లోహాలూ 99.99 శాతం శుద్ధత గలవేనా?
- రాగిపై ఆక్సైడు పొరను పలుచని నత్రికామ్లంతో తీసి, శుభ్రమైన నీటితో, ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టారా?
- త్రాసు 0.1 మి.గ్రా. వరకు చూపుతోందా?
- తూచిన విలువలను నాలుగు దశాంశ స్థానాల వరకు పుస్తకంలో రాశారా?

తూకంలో అతి జాగ్రత్తతో ఆగిపోనక్కరలేదు. పై ముద్దలో 10 మి.గ్రా. రాగి పోయినా బంగారం 25.0 నుంచి 25.1 శాతానికి మాత్రమే మారుతుంది. అసలు ఇబ్బంది తర్వాతి రెండు దశల్లో వస్తుంది.

## 4. కరిగించడం

లోహాలను శుభ్రమైన క్వార్ట్జ్ గొట్టంలో వేసి, గాలి తీసి, కొద్దిగా ఆర్గాన్ నింపి మూతి కరిగించి మూయండి. గది ఉష్ణోగ్రత దగ్గర ఆర్గాన్ పీడనం వాతావరణ పీడనంలో ఐదో వంతు చాలు. 1150 °సె. వద్ద అది దాదాపు ఐదు రెట్లు పెరిగి బయటి పీడనానికి సమానమవుతుంది. అంతకన్నా ఎక్కువ నింపితే, మెత్తబడిన గొట్టం ఉబ్బే ప్రమాదం ఉంది.

గొట్టాన్ని చేతి వేళ్లతో తాకవద్దు. చెమటలోని ఉప్పు అంటిన చోట క్వార్ట్జ్ తెల్లబారి పగుళ్లు ఇస్తుంది.

1150 °సె. వద్ద అరగంట ఉంచి, మధ్యలో రెండు మూడు సార్లు గొట్టాన్ని పటకారుతో జాగ్రత్తగా తిప్పి కదిలించాలి. బంగారం బరువైనది కాబట్టి కదపకపోతే అడుగున చేరే అవకాశం ఉంది. తర్వాత నీటిలో ముంచండి. కళ్లద్దాలు, ముఖ కవచం, తోలు చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయకూడదు.

ముద్దను తూచి చూడండి. మొదటి మొత్తానికీ దీనికీ తేడా 0.2 శాతం దాటితే ఆ ముద్దను పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టడం మంచిది.

## 5. కూర్పును అంతటా సమం చేయడం

ప్రావస్థా పటంలో (ఏ కూర్పు ఏ ఉష్ణోగ్రతలో ఏ స్థితిలో ఉంటుందో చూపే పటంలో) ద్రవ రేఖకూ (గట్టిపడటం మొదలయ్యే చోటు) ఘన రేఖకూ (అది ముగిసే చోటు) మధ్య ఖాళీ ఉన్నప్పుడు, ముందుగా గట్టిపడిన భాగం కూర్పు, చివరగా గట్టిపడిన భాగం కూర్పు ఒకటి కావు. అందుకే పోత ముద్దలో ప్రతి స్ఫటిక రేణువు నడిబొడ్డుకూ అంచుకూ కూర్పులో తేడా ఉంటుంది. పై లెక్కలో 25.0 అని రాసుకున్నా ముద్దలో కొన్ని చోట్ల 23, కొన్ని చోట్ల 27 ఉండవచ్చు.

ముద్దను సుత్తితో గానీ రోలింగ్ మిల్లులో గానీ సగం మందానికి తగ్గించి, మళ్లీ ఆర్గాన్‌లో మూసి, 800 °సె. వద్ద మూడు రోజులు ఉంచండి. ఇదంతా మరొకసారి చేయండి. అణచడం వల్ల పరమాణువులు ప్రయాణించవలసిన దూరం తగ్గుతుంది, కొత్త రేణువులు పుడతాయి, అంచుల తేడా త్వరగా చెరుగుతుంది. అణచకుండా ఉత్త వేడితోనే కూర్పు సమం కావాలని చూస్తే వారాలు పడుతుంది.

రాగి–బంగారం మిశ్రమాలలో అతి తక్కువ కరిగే ఉష్ణోగ్రత సుమారు 910 °సె., బంగారం దాదాపు 44 పరమాణు శాతం ఉన్నచోట. పోత ముద్దలో బంగారం ఎక్కువైన భాగాలు ఉంటాయి కాబట్టి 850 దాటకపోవడమే క్షేమం.

## 6. పొడి చేయడం క్రమతకు ముందే జరగాలి

ఈ మాటను పెద్ద అక్షరాలతో రాసి బల్ల దగ్గర అంటించుకోవలసినంత ముఖ్యమైనది.

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు రెండు వారాలు క్రమత తెచ్చిన ముద్దను, కొలతకు పొడి కావాలని, ఆకురాయితో రాచాను. ఎక్స్‌ఆర్‌డిలో 23.7 డిగ్రీల వద్ద రావలసిన పీకు చోట నేలబారు గుట్ట ఒకటి మాత్రమే కనిపించింది. ముద్దలో క్రమత ఉంది. ఆకురాయి దెబ్బకు పొరలు ఒకదానిపై ఒకటి జారి, పొడిలో మాత్రం చెదిరిపోయింది. రెండు వారాల ఫర్నేస్ కాలం పది నిమిషాల రాపిడితో పోయింది.

కాబట్టి కూర్పు సమమైన ముద్దను ముందే శుభ్రమైన ఆకురాయితో రాచి రజను తీయండి, ఆకురాయి నుంచి రాలిన ఇనుప తునకలను అయస్కాంతంతో ఏరేయండి, మెత్తటి జల్లెడ పట్టండి. ఆ పొడినే చిన్న క్వార్ట్జ్ గొట్టాల్లో మూసి ఇక ముందు వేడి చికిత్సలన్నీ ఇవ్వండి. పొడి ఉష్ణోగ్రతను 550 °సె. లోపే ఉంచండి. అంతకు మించితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కడతాయి, మళ్లీ నూరవలసి వస్తుంది.

విద్యుత్ నిరోధం కూడా కొలవాలనుకుంటే అదే ముద్ద నుంచి పలుచని రేకును కోసి, పొడితోపాటే వేడి చేయండి.

## 7. అక్రమ నమూనాను సిద్ధం చేయడం

మూడు గొట్టాలను 500 °సె. వద్ద రెండు గంటలు ఉంచి, తీసిన వెంటనే మంచు నీటిలో, నీటి అడుగునే గొట్టం పగిలేలా చేయండి. గొట్టం పగలకుండా ముంచితే నమూనా చుట్టూ ఉన్న వాయువు వేడిని పట్టి ఉంచుతుంది, చల్లారడం మందగిస్తుంది. ఇనుప బకెట్టు వాడండి, ముఖ కవచం తప్పనిసరి.

పొడిని వడగట్టి ఆరబెట్టి ఒక వంతును పోలిక కోసం దాచండి. మిగతా రెండు వంతుల పని కింది దశల్లో వస్తుంది.

ఈ నమూనాలో దూరశ్రేణి క్రమత (జాలకమంతటా ఒకేలా సాగే క్రమత) ఉండదు గానీ, పరమాణువులు పూర్తిగా చెల్లాచెదురుగా ఉన్నాయని అనుకోరాదు. 390 పైన కూడా బంగారు పరమాణువు తన పక్కన రాగినే ఎక్కువగా కోరుకుంటుంది. ఆ స్థానిక క్రమత పీకులుగా రాదు, వాటి చోట వెడల్పాటి మసక కాంతిగా వస్తుంది. అందుకే అక్రమ నమూనా నేపథ్యం కొంచెం ఎగుడుదిగుడుగా కనిపిస్తే కంగారు పడవద్దు.

## 8. క్రమత తెచ్చే వేడి క్రమం

నేను వాడే పట్టిక ఇది:

1. 450 °సె. — 2 గంటలు
2. 380 °సె. — 48 గంటలు
3. 370 °సె. — 48 గంటలు
4. 350 °సె. — 48 గంటలు
5. 325 °సె. — 72 గంటలు
6. 300 °సె. — 96 గంటలు, ఆపై ఫర్నేస్‌తోపాటే చల్లారనివ్వాలి

ఇంత మెల్లగా ఎందుకన్నది అర్థమైతే మీ ఫర్నేస్‌కు తగ్గట్టు మీరే మార్చుకోగలరు. మార్పు బిందువుకు కొద్దిగా దిగువన కొత్త క్రమతకు తక్కువ బీజాలే పడతాయి, పరమాణువుల కదలిక వేగంగా ఉంటుంది కాబట్టి ఆ కొద్ది బీజాలూ పెద్దగా పెరుగుతాయి. నేరుగా 300కు దించితే ఎక్కడికక్కడ లెక్కలేనన్ని బీజాలు పడతాయి.

బంగారం జాలకంలోని నాలుగు ఉపజాలకాలలో (సమానమైన స్థానాల సమూహాలలో) దేనినైనా తన చోటుగా ఎంచుకోవచ్చు. పక్కపక్క ప్రాంతాలు వేర్వేరు ఉపజాలకాలను ఎంచుకుంటే అవి కలిసే చోట తప్పు సరిహద్దు ఏర్పడుతుంది. ప్రాంతం లోపల క్రమత బాగానే ఉన్నా, ఇలాంటి సరిహద్దులు దగ్గర దగ్గరగా ఉంటే ఎక్స్‌ఆర్‌డిలో అదనపు పీకులు వెడల్పై, ఎత్తు తగ్గి కనిపిస్తాయి. ఒక్కో నమూనాకు పీకు ఎత్తు ఒక్కో రకంగా రావడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

250 °సె. కిందికి దిగాక రోజులు పెంచినా ప్రయోజనం స్వల్పం.

## 9. ఎక్స్‌ఆర్‌డి కొలత

రాగి కె-ఆల్ఫా కిరణాలతో (1.5406 ఆంగ్‌స్ట్రామ్), జాలక స్థిరాంకం 3.75 ఆంగ్‌స్ట్రామ్ అనుకుంటే పీకులు ఈ ద్విగుణ కోణాల (2θ) వద్ద వస్తాయి. కుండలీకరణల్లోని అంకెలు స్ఫటిక తలాల పేర్లు:

- (100) — 23.7 డిగ్రీలు, క్రమత ఉంటేనే
- (110) — 33.8 డిగ్రీలు, క్రమత ఉంటేనే
- (111) — 41.7 డిగ్రీలు, ఎప్పుడూ
- (200) — 48.5 డిగ్రీలు, ఎప్పుడూ
- (210) — 54.7 డిగ్రీలు, క్రమత ఉంటేనే
- (220) — 71.0 డిగ్రీలు, ఎప్పుడూ

క్రమత ఉంటేనే వచ్చేవాటిని అధిజాలక పీకులు, మిగతావాటిని మూల పీకులు అందాం. పోలికకు (100)ను (200)తో, (110)ను (220)తో జత కట్టండి. ఒకే తలానికి చెందిన జంటలు కావడం వల్ల పొడి రేణువులు ఒక వైపుకు ఒరిగి పరుచుకున్నా ఆ ప్రభావం రెండింటిపైనా సమానంగా పడి, నిష్పత్తిలో కొట్టుకుపోతుంది. (100)ను (111)తో పోలిస్తే ఈ లాభం పోతుంది.

పీకు ఎత్తును కొలవకండి, నేపథ్యం తీసేసిన తర్వాత మిగిలే వైశాల్యాన్నే కొలవండి. పై దశలో చెప్పిన సరిహద్దుల వల్ల పీకు వెడల్పయినా వైశాల్యం పెద్దగా మారదు, ఎత్తు మాత్రం సగానికి పడిపోవచ్చు. వెడల్పాటి పీకు తోకలు కూడా లెక్కలోకి వచ్చేలా ఇరువైపులా కనీసం రెండేసి డిగ్రీలు స్కాన్ చేయండి.

## 10. క్రమత సూచిని లెక్కకట్టడం

క్రమత సూచి ఎస్ అంటే, బంగారం ఉండవలసిన స్థానాల్లో బంగారమే ఉన్న భాగం నుంచి మొత్తం మిశ్రమంలో బంగారం పరమాణు భాగాన్ని తీసివేసి, 0.75తో భాగిస్తే వచ్చేది. పూర్తి క్రమతకు 1, అక్రమ స్థితికి 0.

అధిజాలక పీకు తీవ్రత, ఎస్ వర్గానికీ, బంగారం–రాగి పరిక్షేపణ గుణకాల (పరమాణువు ఎక్స్-కిరణాలను ఎంత బలంగా చెదరగొడుతుందో చెప్పే అంకెల) తేడా వర్గానికీ అనులోమం. మూల పీకుది, ఒక బంగారం, మూడు రాగి గుణకాల మొత్తం వర్గానికి అనులోమం. కాబట్టి చేయవలసింది ఇంతే: ఎస్ 1 అయితే (100), (200) వైశాల్యాల నిష్పత్తి ఎంత ఉండాలో లెక్కించండి, మీరు కొలిచిన నిష్పత్తిని దానితో భాగించండి, వర్గమూలం తీయండి. భాగఫలం 0.72 వస్తే ఎస్ 0.85.

లెక్కలో మరిచిపోయేవి మూడు. మొదటిది, కోణాన్ని బట్టి మారే లోరెంజ్–ధ్రువణ గుణకం. వివర్తిత కిరణం దారిలో మోనోక్రోమేటర్ (ఒకే తరంగదైర్ఘ్యాన్ని ఎంచే స్ఫటికం) లేకపోతే (100)కు 44.5, (200)కు 9.35, అంటే 4.76 రెట్ల తేడా. దీనిని వదిలేస్తే ఎస్ విలువ రెండింతలకు పైగా పెరిగి, ఒకటి దాటిపోతుంది. రెండవది, పరిక్షేపణ గుణకాలు కోణంతో తగ్గుతాయి కాబట్టి 79, 29 అన్న అంకెలనే వాడకూడదు, పట్టికలోని విలువలకు అసాధారణ పరిక్షేపణ సవరణ కూడా వేయాలి. మూడవది ఉష్ణ కంపనాల సవరణ.

కూర్పు 25 శాతం కాకపోతే ఎస్ గరిష్ఠ విలువ 1 కాదు. బంగారం 22 శాతమే ఉంటే, అంతా సరైన చోటికే చేరినా ఆ స్థానాల్లో 88 శాతమే నిండుతాయి, ఎస్ 0.88 దాటదు. అలాంటి నమూనాను ఇంకా ఆనీల్ చేయాలని నెలలు వేచి చూడటం వృథా.

## 11. సమతాస్థితి వచ్చిందని ఎలా తెలుస్తుంది

ఒకే నమూనాను ఒకే వైపు నుంచి కొలిచి «375 వద్ద సమతా క్రమత ఇంత» అని రాయడం సరికాదు. పీకు రెండు రోజులుగా మారకపోవడం కూడా రుజువు కాదు, మార్పు బాగా మందగించిందని మాత్రమే అది చెబుతుంది.

7వ దశలో మిగిలిన అక్రమ పొడి రెండు వంతుల్లో ఒకదానికి 8వ దశ పట్టికంతా ఇచ్చి బాగా క్రమతలోకి తెండి. రెండవ దానిని అక్రమంగానే ఉంచండి. ఆ రెండింటినీ వేర్వేరు గొట్టాల్లో, ఫర్నేస్‌లో ఒకే చోట, 375 °సె. వద్ద ఉంచి, నీటిలో ముంచి తీసి కొలవండి. ఒకటి కింది నుంచి పైకి, మరొకటి పై నుంచి కిందికి వచ్చి ఒకే ఎస్ వద్ద కలిసినప్పుడే దానిని సమతా విలువ అనండి. కలవకపోతే సమయం పెంచండి.

మార్పు బిందువుకు కొద్దిగా దిగువన ఎస్ సుమారు 0.8 ఉండి, దాటగానే ఒక్కసారిగా సున్నాకు పడుతుంది. ఇది ప్రథమ శ్రేణి మార్పు. ప్రాథమిక పాఠాల్లో వచ్చే బ్రాగ్–విలియమ్స్ సిద్ధాంతం ఇదే కూర్పుకు దాదాపు 0.46 నుంచి పడుతుందని చెబుతుంది. మీ కొలత సిద్ధాంతంతో కలవలేదని కొలతను సరిదిద్దబోకండి. సిద్ధాంతం స్థానిక క్రమతను లెక్కలోకి తీసుకోదు, తేడాకు ప్రధాన కారణం అదే.

## 12. ప్రావస్థా పటం మీద సరిహద్దులు గీయాలంటే

ప్రథమ శ్రేణి మార్పు కాబట్టి 25 శాతానికి ఇరువైపులా క్రమ, అక్రమ ప్రావస్థలు రెండూ కలిసి ఉండే సన్నని ప్రాంతాలు ఉంటాయి. సరిగ్గా 25 దగ్గర ఆ వెడల్పు మూసుకుపోతుంది. అందువల్ల ఒకే ఉష్ణోగ్రతలో 19 నుంచి 25 శాతం వరకు ఒక్కో శాతం పెంచుతూ మిశ్రమాలు చేసుకుని, అన్నింటినీ కలిపి ఆనీల్ చేయండి.

రెండు ప్రావస్థల ప్రాంతంలో భాగాలను తులాదండ నియమంతో లెక్కిస్తారు. ఒక ఉష్ణోగ్రతలో అక్రమ అంచు 20.5, క్రమ అంచు 22.0 అనుకుందాం. మిశ్రమం 21.0 అయితే క్రమ ప్రావస్థ వాటా, 0.5ను 1.5తో భాగించగా మూడో వంతు. ఆ నమూనాలో అధిజాలక పీకు బలహీనంగా ఉంటే అది ఎస్ తక్కువ కావడం వల్ల కాదు, క్రమ ప్రావస్థ వాటా తక్కువ కావడం వల్ల. ఈ రెండింటినీ కలగాపులగం చేయడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు.

3:1 దగ్గర రెండు ప్రావస్థల జాలక స్థిరాంకాలు చాలా దగ్గరగా ఉండి మూల పీకులు ఒకదానిపై ఒకటి పడతాయి. సాధన కోసం 1:1 మిశ్రమం తేలిక. అక్కడ క్రమ ప్రావస్థ చతుర్భుజీయం (ఘనం ఒక దిశలో కుదించుకుపోయిన ఆకారం) కాబట్టి (200) పీకు చీలి 45.7, 49.6 డిగ్రీల దగ్గర రెండుగా వస్తుంది, అక్రమ ప్రావస్థది 46.9 దగ్గర విడిగా నిలుస్తుంది. అయితే 1:1లో 385 నుంచి 410 °సె. మధ్య దీర్ఘ ఆవర్తన నిర్మాణం గల మరో క్రమ ప్రావస్థ ఉంది, ఆ సంధిలో ఆనీల్ చేసి అయోమయపడవద్దు.

## 13. ఏదైనా తేడా వస్తే

- అధిజాలక పీకు అసలు లేదు: థర్మోకపుల్‌ను జింక్, సీసంతో మళ్లీ సరిచూడండి. ఆనీల్ తర్వాత పొడిని నూరారా అని అడగండి. ఆపై తూకం లెక్క చూడండి.
- పీకు ఉంది, వెడల్పుగా ఉంది: ప్రాంతాలు చిన్నవి. 450కి వేడి చేసి, 380 దగ్గర సమయం రెట్టింపు చేయండి.
- మూల పీకులు కూడా వెడల్పు: పొడిలో ఒత్తిడి మిగిలి ఉంది, లేదా కూర్పు సమం కాలేదు. 500 °సె. వద్ద గంటసేపు ఉంచి చూడండి, తగ్గకపోతే 5వ దశకు వెళ్లండి.
- ఎస్ ఒకటి దాటింది: లోరెంజ్–ధ్రువణ గుణకం, ఆపై నేపథ్యం గీత.
- నీటిలో ముంచిన నమూనాలో కూడా (100) పీకు: గొట్టం నీటిలో పగలలేదు, లేదా బయటికి తీయడానికి ముంచడానికి మధ్య ఆలస్యం జరిగింది.
- ఎస్ పెరిగింది, రేకు నిరోధం తగ్గలేదు: పూర్తి క్రమతకు నిరోధం సగానికి పైగా తగ్గాలి. రేకు, పొడి ఒకే చోట వేడెక్కలేదు. ఫర్నేస్‌లో వాటి స్థానాలు కొలిచి చూడండి.

ప్రతి గొట్టం మీద వజ్రపు మొనతో అంకె గీసి, పుస్తకంలో ఆ అంకె ఎదుట తూకం, ఉష్ణోగ్రత, పెట్టిన గంట, తీసిన గంట, చల్లార్చిన విధానం ఆ రోజే రాయండి. సిరా గుర్తులు ఫర్నేస్‌లో మాసిపోతాయి.